జానపద ఆల్బమ్: తెలంగాణ పల్లెపాట రికార్డుకెక్కిన తీరు

ఊళ్లో పుట్టిన పాటనో, ఆ బాణీలో కొత్తగా కట్టిన పాటనో స్టూడియోలో రికార్డు చేసి, సినిమాతో నిమిత్తం లేకుండా జనంలోకి వదిలితే దాన్ని తెలంగాణలో జానపద ఆల్బమ్ అంటున్నారు. సినిమా పాట కాదు కనుక ప్రైవేట్ ఆల్బమ్, ప్రైవేట్ సాంగ్ అని కూడా పిలుస్తారు. పెండ్లి బరాత్‌లో పెద్ద స్పీకర్ల మీద మోగే రకానికి డీజే పాట అని పేరు. గ్రామఫోను రికార్డుతో మొదలై క్యాసెట్, సీడీల మీదుగా యూట్యూబ్ దాకా వచ్చిన ఈ రూపంలో ఇవాళ ఒక్క పాట విడుదలైనా ఆల్బమ్ వచ్చిందనే చెప్పుకుంటారు.

అమెరికాలో 1960ల చివర అక్కడి పల్లె సంగీతమైన కంట్రీకి, నగర యువత సంగీతమైన రాక్‌కు పొత్తు కుదిరి పుట్టిన కంట్రీ రాక్ దీనికి దూరపు చుట్టం. పల్లె గొంతును పట్నపు వాయిద్యాలతో కలిపి అమ్మకానికి పెట్టడం రెండింటిలోనూ ఉంది. రెండింటికీ ఎదురైన చిక్కు కూడా ఒకటే. పది మంది కలిసి పాడుకునే పాట ఒక్కరి పేరు మీద అచ్చయితే తక్కిన తొమ్మిది మంది గొంతులు ఎక్కడికి పోతాయి? పల్లెపాటలో ఒకరు ఎత్తుకుంటారు, మిగిలినవాళ్లు అందుకుంటారు. అందుకునేవాళ్లది వంత. తెలంగాణలో కాలానికి నిలిచిన జానపద రికార్డులను వరుసగా విని చూస్తే, వంతకు చోటిచ్చినవే ఎక్కువగా నిలిచాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కామారెడ్డి జిల్లా గాంధారి, ఎల్లారెడ్డి ప్రాంతం ఈ చరిత్రలో చాలా మలుపులకు దగ్గరగా ఉన్నది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టడం సబబు.

గాంధారి చుట్టుపక్కల పాట

గాంధారి కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రం, ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గంలో ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడే దాకా ఇదంతా నిజామాబాద్ జిల్లా. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి పెద్ద ఆనవాలు. ఊళ్ల మధ్య, గుట్టల అంచున లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. అందుకే ఇక్కడ పాటకు కనీసం రెండు భాషలున్నాయి. ఒకటి తెలంగాణ తెలుగు, రెండోది లంబాడీలు మాట్లాడుకునే గోర్ బోలి. పీర్ల పండుగ నాడు అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాళ్ల పాటలో ఉర్దూ కూడా కలుస్తుంది.

ఊరివైపు చూస్తే బతుకమ్మ పాట ముందు వరుసలో ఉంటుంది. పాట ఎరిగిన ఆడమనిషి ఒక చరణం చెబుతుంది, గుండ్రంగా తిరిగేవాళ్లు చప్పట్లు కొడుతూ దాన్నే తిరిగి అంటారు, ప్రతి పాదం చివరా ‘ఉయ్యాలో’ అనో ‘చందమామ’ అనో ఒక ఊతపదం పడుతుంది. ఆ ఊతపదం ఉన్నందువల్ల పాట పూర్తిగా రానివాళ్లు కూడా పాడగలుగుతారు. చిన్నపిల్ల ముందు ఊతపదంతో చేరుతుంది, నాలుగేండ్లకు సగం పాట వస్తుంది, పెండ్లయ్యేసరికి తనే ఎత్తుకుంటుంది. వంత పాడటమే ఇక్కడ పాట నేర్చుకునే బడి.

చిరుతల రామాయణం, కోలాటం, భజనలు మగవాళ్ల రాత్రి పాటలు. గొల్ల కురుమల ఇండ్లల్లో ఒగ్గు కథ పెద్ద పండుగ. ప్రధాన కథకుడి పక్కన వంతపాటగాడు నిలబడి ‘ఆఁ’ కొడుతూ, మధ్యలో ప్రశ్నలడుగుతూ కథను తోసుకుపోతాడు. వెనక డోలు, తాళాలు, నపీర. నాట్ల కాలంలో పొలంలో వంగిన ఆడవాళ్లు పాడుకునే నాట్ల పాటలుండేవి. కొన్నేండ్లుగా చాలా ఊళ్లల్లో నాట్లకు బిహార్, బెంగాల్ నుంచి కూలీ బృందాలు వస్తున్నాయి. పని చేతులు మారింది కాబట్టి ఆ పాట కూడా పొలం గట్టు దిగిపోతున్నది.

తండాల్లో తీజ్ తొమ్మిది రోజుల పండుగ. శ్రావణమాసంలో పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు పోసి గోధుమలు చల్లుతారు, రోజూ నీళ్లు పోస్తూ ఆ బుట్టల చుట్టూ పాడుతూ ఆడతారు. తొమ్మిదో నాటికి మొలకలు జానెడు లేస్తాయి. వాటిని తీసుకుపోయి చెరువులోనో వాగులోనో నిమజ్జనం చేస్తారు. వలయంగా తిరుగుతూ వంగి లేచే అడుగు, గాజుల చప్పుడు, ఒక గుంపు అన్న మాటను ఇంకో గుంపు అందుకోవడం ఈ పాటలకు ప్రాణం. లిపి లేని భాషలో తరాల పాటు పాట నిలిచిందంటే దానికి వంతే ఆధారం. ఒకరు మరిచిన పాదం ఇంకొకరికి గుర్తుంటుంది.

గ్రామఫోను కాలం

తెలుగు పల్లెపాట మొదట రికార్డుకెక్కింది కోస్తా గొంతులతో. కాకినాడలో 1920లో పుట్టిన వింజమూరి అనసూయాదేవి, ఆమె చెల్లెలు సీత మద్రాసు రేడియోలోనూ గ్రామఫోను రికార్డుల్లోనూ జానపద గేయాలు పాడి వాటికి సభా గౌరవం తెచ్చారు. వీరు దేవులపల్లి కృష్ణశాస్త్రి మేనకోడళ్లు. అనసూయాదేవి పాటలను సేకరించి స్వరపరచి పుస్తకాలు వేసింది. జీవితం చివరి భాగం అమెరికాలో గడిపి 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూసింది. ఇద్దరూ కలిసి పాడటం వల్ల ఆ రికార్డుల్లో ఎత్తుగడ, అందుకోలు రెండూ నిలిచాయి. అయితే అది శ్రుతి కుదిరిన కచేరీ గొంతు, చదువుకున్న ఇంటి ఉచ్చారణ. తెలంగాణ యాసకు రికార్డు మీద చోటు దొరకడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

విశ్వవిద్యాలయం వైపు నుంచి ఈ పాటకు గుర్తింపు తెచ్చినవాడు బిరుదురాజు రామరాజు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో ఆయన చేసిన పరిశోధన తర్వాతివాళ్లందరికీ పునాది అయింది. అటు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు వంటి కవులు ఊరి బాణీల్లోనే కొత్త పాటలు కట్టి ఊరూరా పాడారు. ఆ పాటలు మాత్రం అప్పట్లో రికార్డు కంపెనీల గడప తొక్కలేదు.

అమెరికా దారి: ఒక గాయని, పది పాటలు

కంట్రీ సంగీతానికి రాజధాని నాష్‌విల్. ఫిడిల్, బాంజో, పెడల్ స్టీల్ గిటార్ దాని గుర్తులు. పెడల్ స్టీల్ గిటార్ బల్లలాగా అడ్డంగా ఉంటుంది. వాయించేవాడు తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలితో పెడల్ తొక్కి స్వరాన్ని సాగదీస్తాడు. ఏడుపు గొంతులాంటి ఆ జారుడు వినగానే అది కంట్రీ అని తెలిసిపోతుంది. లాస్ ఏంజెలెస్ రాక్ కుర్రాళ్లు ఈ సంగీతాన్ని చేతిలోకి తీసుకున్న తొలి పెద్ద ప్రయత్నం ‘ద బర్డ్స్’ బృందం 1968లో తెచ్చిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో’. ఆ ఆల్బమ్ వెనక ప్రధానంగా ఉన్న గ్రామ్ పార్సన్స్ మరుసటి ఏడే ‘ఫ్లయింగ్ బురిటో బ్రదర్స్’ పేరుతో ఇంకో ఆల్బమ్ చేశాడు. విమర్శకులు మెచ్చుకున్నారు గాని అవి పెద్దగా అమ్ముడుపోలేదు.

అమ్మి చూపించింది లిండా రాన్‌స్టాట్. 1946లో ఆరిజోనా రాష్ట్రం టూసాన్‌లో పుట్టిన ఈమెది తండ్రి వైపు మెక్సికన్ మూలాలున్న కుటుంబం. ‘స్టోన్ పోనీస్’ బృందంతో 1967లో ఒక పాట బాగా పోయింది. ఆ తర్వాత 1969 నుంచి సొంతంగా ఆల్బమ్‌లు చేస్తూ వచ్చింది. 1971లో ఆమె వెనక వాయించడానికి కుదిరిన గ్లెన్ ఫ్రే, డాన్ హెన్లీ తర్వాత ‘ఈగల్స్’ పెట్టారు. ప్రపంచానికి తెలిసిన ఆ బృందానికి పురుడు పోసింది ఒక గాయని వెనక వరుస.

1974 నవంబరులో క్యాపిటల్ సంస్థ విడుదల చేసిన ‘హార్ట్ లైక్ ఎ వీల్’ ఆమెకు ఐదో సొంత ఆల్బమ్. నిర్మాత పీటర్ ఆషర్. 1975 ఫిబ్రవరిలో అది బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అందులోని ‘యూ ఆర్ నో గుడ్’ పాట కూడా అదే నెలలో మొదటి స్థానంలో నిలిచింది. ‘వెన్ విల్ ఐ బి లవ్డ్’ పాప్ పట్టికలో రెండు, కంట్రీ పట్టికలో ఒకటి. హ్యాంక్ విలియమ్స్ పాత పాటను పాడినందుకు ఆమెకు కంట్రీ విభాగంలో గ్రామీ వచ్చింది. ఆ పాటలో ఆమెతో గొంతు కలిపింది ఎమిలూ హారిస్. తర్వాతి కాలంలో ఆమె కూడా కంట్రీలో పెద్ద పేరే తెచ్చుకుంది.

మన చర్చకు ఈ ఆల్బమ్‌లో పనికొచ్చే విషయం ఒకటుంది. పది పాటల్లో ఒక్కటీ లిండా రాసింది కాదు. ఎవర్లీ సోదరులు 1960లో పాడినది ఒకటి, జేమ్స్ టేలర్ రాసినది ఒకటి, లోవెల్ జార్జ్ లారీ డ్రైవర్ మీద కట్టినది ఒకటి. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను రాసింది కెనడాకు చెందిన ఆనా మెక్‌గారిగిల్. అప్పటికి ఆమె పేరు చాలామందికి తెలియదు. రికార్డు లేబుల్ మీద పాట పక్కన రాసినవారి పేరుంది కాబట్టి ఆమెకు సొమ్మూ, పేరూ రెండూ దక్కాయి. ఎంపిక చేసి పాడటం కూడా కళేనని, పాడినవారికీ రాసినవారికీ వాటా పంచవచ్చునని ఈ ఆల్బమ్ నిరూపించింది. 1987లో లిండా తండ్రి పాడుకునే మెక్సికన్ పాటలతో ‘కాన్సియోనెస్ దె మి పాద్రె’ అనే స్పానిష్ ఆల్బమ్ చేసింది. ఆ ఆల్బమ్ అమెరికాలో ఇరవై లక్షలకు పైగా అమ్ముడైంది. ఇంటి పాటకు తిరిగి వెళ్లే ధైర్యం ఆమెకు కంట్రీ రాక్ విజయం ఇచ్చింది. ఇటీవలి తెలంగాణ గాయనుల్లో కూడా ఈ తీరు కనిపిస్తున్నది, ఆ సంగతి ముందు వస్తుంది.

గద్దర్

తెలంగాణలో పల్లెపాటకు రికార్డు మీద సొంత గొంతు తెచ్చినవాడు గద్దర్. అసలు పేరు గుమ్మడి విఠల్. మెదక్ జిల్లా తూప్రాన్‌లో పేద దళిత కుటుంబంలో పుట్టి, బోధన్‌లో చదువుకుని, ఇంజనీరింగ్ కోసం హైదరాబాద్ చేరాడు. 1970ల మొదట్లో దర్శకుడు బి. నర్సింగరావు ప్రోత్సాహంతో పాటలు కట్టడం మొదలుపెట్టాడు. విప్లవ సాంస్కృతిక బృందమైన జననాట్యమండలితో ఊరూరా తిరిగాడు. కొంతకాలం బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి 1984లో ఆ ఉద్యోగం వదిలేశాడు.

1979 నాటి ‘మా భూమి’ సినిమా ఇక్కడ ఒక కూడలి. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, నర్సింగరావు నిర్మాణం, సంగీతం వింజమూరి సీత. కోస్తా గ్రామఫోను తరానికి చెందిన సీత సంగీతంలో, సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద కనిపిస్తూ పాడాడు. గొంగడి కప్పుకుని, గొంతు చించుకుని పాడిన ఆ పాటతో తెలంగాణ యాస ఉన్నదున్నట్టు రాష్ట్రమంతా వినబడింది. పాట యాదగిరిదే అయినా చాలామంది గద్దర్ పాట అనే అంటారు. పాడినవాడి పేరు కట్టినవాడి పేరును మింగడం జానపద రికార్డులకు మొదటి నుంచీ ఉన్న జబ్బు.

గద్దర్ ప్రదర్శన తీరును కొంచెం దగ్గరగా చూడాలి. చేతిలో ఎర్ర గుడ్డ కట్టిన కర్ర, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు. వెనక ఇద్దరో ముగ్గురో వంతగాళ్లు, డప్పు, డోలక్. పల్లవి ఎత్తుకుని రెండు పాదాలు పాడి ఠక్కున ఆగుతాడు. జనంతో ముచ్చట పెడతాడు, ఒక తల్లి కథ చెబుతాడు, ఒక ప్రశ్న వేస్తాడు. ఆ మాటల కింద డోలక్ సన్నగా నడుస్తూనే ఉంటుంది. మాట తారస్థాయికి చేరిన క్షణంలో వంతగాళ్లు పల్లవి అందుకుంటారు. పాట తిరిగి మొదలైందని జనానికి తెలిసేది వంత గొంతుతోనే. మూడోసారికి మైదానం మొత్తం వంతగా మారుతుంది. ఒగ్గు కథ, వీధి భాగవతం, జోల, ఏల పాటల నుంచి తీసుకున్న ఒడుపు ఇది. ఐదు నిమిషాల పాట ఇరవై నిమిషాలు నడిచినా ఎవరూ కదలరు.

1985లో కారంచేడు దళితుల ఊచకోత తర్వాత కొద్ది కాలానికే ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడిన సభకు జనం లక్షల్లో తరలివచ్చారు. 1995లో ‘ఒరేయ్ రిక్షా’ సినిమాకు రాసిన చెల్లెలి పాటకు నంది అవార్డు ప్రకటిస్తే తీసుకోలేదు. ఆ పాట పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఈసారి కట్టినవాడి పేరు, పాడినవాడి పేరు రెండూ జనానికి గుర్తున్నాయి. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా శరీరంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత కూడా ఇరవై ఆరేండ్లు పాడాడు. 2023 ఆగస్టు 6న కన్నుమూశాడు. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఇప్పుడు ఆయన పేరే పెట్టింది. ఒకప్పుడు రాష్ట్ర అవార్డును కాదన్న మనిషి పేరు మీద రాష్ట్ర అవార్డు నడుస్తున్నది.

క్యాసెట్

ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్ మన దేశంలో 1980లలో ఇంటింటి వస్తువైంది. గ్రామఫోను రికార్డు అచ్చు వేయాలంటే పెద్ద కర్మాగారం కావాలి, ఆ పని దాదాపుగా ఒకే కంపెనీ చేతిలో ఉండేది. క్యాసెట్‌ను మాత్రం చిన్న గదిలో కాపీ చేయవచ్చు. పెట్టుబడి కొంచెమే కావడంతో ఊరిపాటకు, భక్తి పాటకు, ఉద్యమ పాటకు తలుపు తెరుచుకుంది.

కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవాళ్లు చాలామంది. సెలవు మీద వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్ తేవడం ఆ రోజుల్లో హోదా. చదువు రాని ఇల్లాలు ఖాళీ క్యాసెట్‌లో తన మాటలు, పిల్లల మాటలు రికార్డు చేసి దుబాయికి పంపేది. అదే టేప్‌రికార్డర్ మీద జానపద క్యాసెట్లూ మోగేవి. ఇక్కడ ఇండ్ల ముందు అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు లెక్కకు మిక్కిలి. చేతులకు పని, చెవులకు తీరిక. క్యాసెట్ పాటకు అంతకన్న మంచి శ్రోతలుండరు.

అయితే క్యాసెట్ పాట ఒడ్డూ పొడుగూ మార్చేసింది. సాధారణంగా ఒక క్యాసెట్ నిడివి గంట, ఒక్కో వైపు అరగంట. అరగంటలో ఐదారు పాటలు పట్టాలంటే ఇరవై నిమిషాల పాటను ఐదు నిమిషాలకు కోయాలి. ముందు పోయింది మధ్యలోని ముచ్చట. తర్వాత వంతను తగ్గించారు, ఒకే పాదం రెండుసార్లు వినడం టేపు వృథా అని లెక్క వేసినవాళ్లున్నారు.

స్టూడియోలో డప్పుకు ఇంకో ఇబ్బంది. చెక్క చట్రానికి బిగించిన తోలును మంట దగ్గర కాచి, వేలితో కొట్టి చూసి, చప్పుడు ‘కణకణ’మన్నాకే వాయిస్తారు. కుడిచేతి చిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల కలిసి దరువు వేస్తాయి. చల్లటి ఏసీ గదిలో పది నిమిషాలకే తోలు వదులై శ్రుతి దిగిపోతుంది. మళ్లీ బయటికి వచ్చి మంట పెట్టాలి. మైకు దగ్గరుంటే చప్పుడు పగులుతుంది, దూరముంటే గొంతు వినబడదు. ఈ బాధ పడలేక చాలామంది కీబోర్డులో ఉన్న డప్పు శబ్దంతో సరిపెట్టుకున్నారు. కీబోర్డు దరువు కొలత తప్పదు. ఒకటో దరువు, వందో దరువు ఒకేలా ఉంటాయి. వాయించేవాడు పాటగాడి ముఖం చూసి జోరు పెంచడం, తగ్గించడం అందులో ఉండదు.

కామారెడ్డి ధూంధాం

క్యాసెట్‌లో చిక్కిపోయిన వంత తిరిగి వేదికెక్కింది 2002లో, అదీ కామారెడ్డిలోనే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో భాగంగా తొలి తెలంగాణ ధూంధాం అక్కడ జరిగింది. దాని వెనక ముందుండి నడిచినవాడు రసమయి బాలకిషన్. రాజకీయ సభలో ఉపన్యాసాల మధ్య పాట పెట్టడం పాత పద్ధతి. ధూంధాంలో పాటే సభ. ఉపన్యాసం పాట మధ్య ఐదు నిమిషాలకు మించదు. వేదిక నిండా పాడేవాళ్లు, ఆడేవాళ్లు, ఒక పాట ముగియకముందే దాని దరువు మీద ఇంకో పాట. ఒగ్గు, డప్పు, కోలాటం, లంబాడీ ఆట, చిన్న చిన్న హాస్య సన్నివేశాలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ వైపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు తమ ఇంటి ఆట, తమ తండా అడుగు మైకు ముందు కనిపించింది.

ధూంధాంలో పాడిన పాటలు క్యాసెట్లుగా, సీడీలుగా ఊళ్లు తిరిగాయి. గూడ అంజయ్య, గోరటి వెంకన్న, అందెశ్రీ, జయరాజు వంటి కవుల పాటలు అప్పటికే జనం నోట ఉన్నాయి. ధూంధాం వాటిని సామూహిక గొంతుకు అప్పగించింది. 2009 నుంచి ఉద్యమం ఉధృతమైనప్పుడు ఆటో మీద స్పీకర్ కట్టి ఈ సీడీలు వేయడం ఊరూరా జరిగింది. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. బాలకిషన్ మానకొండూరు శాసనసభ్యుడయ్యాడు. వందలమంది కళాకారులను ఉద్యోగాల్లోకి తీసుకున్న తెలంగాణ సాంస్కృతిక సారథికి కూడా ఆయనే నాయకత్వం వహించాడు. అందెశ్రీ రాసిన గీతం 2024లో రాష్ట్ర గీతమైంది.

పాటగాళ్లకు జీతం దొరకడం చిన్న విషయం కాదు. తరాల తరబడి గింజలు, పాత బట్టలు ప్రతిఫలంగా తీసుకున్న కులాల వాళ్లు వాళ్లలో ఉన్నారు.

యూట్యూబ్ కాలం

ఇప్పుడు జానపద ఆల్బమ్ పుట్టే చోటు యూట్యూబ్ చానల్. ఈ దారిలో పేరున్న గొంతులు రెండు వైపుల నుంచి వచ్చాయి. మొదటి దారిలో పల్లె నుంచి సినిమాకు పోయినవాళ్లున్నారు. అనంతపురం జిల్లా తండాలో పుట్టిన మంగ్లీ అసలు పేరు సత్యవతి రాథోడ్. తిరుపతిలో సంగీతం చదివి, హైదరాబాద్ టీవీ చానల్‌లో తెలంగాణ యాసలో మాట్లాడి, బతుకమ్మ, బోనాల పాటలతో పేరు తెచ్చుకుంది. తర్వాత సినిమా గాయని అయింది. అయినా తమ బంజారా పాటలను వదల్లేదు. లిండా తండ్రి పాటలకు వెళ్లినట్టు ఈమె తండా పాటలకు వెళ్లింది. ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ 2021లో ‘పుష్ప’ సినిమాలో పాడిన పాట దేశమంతా మోగింది.

రెండో దారిలో సినిమా నుంచి జానపదం వైపు వచ్చినవాళ్లున్నారు. ‘బాహుబలి’లో పాడిన మోహన భోగరాజు 2021లో పాడిన ‘బుల్లెట్టు బండి’ ప్రైవేట్ పాట ఇందుకు మంచి ఉదాహరణ. పాట రాసింది లక్ష్మణ్, సంగీతం ఎస్‌కే బాజీ. అదే ఏడు మంచిర్యాలలో ఒక పెండ్లికూతురు బరాత్‌లో ఈ పాటకు ఆడిన వీడియో ఇంటింటికీ చేరింది. పెండ్లికూతురు తల వంచుకు కూర్చునే రోజుల నుంచి తానే బరాత్‌లో ఆడే రోజు వచ్చిందని ఆ వీడియో చెప్పింది. స్థిరపడిన గాయని గొంతు, పల్లె యాస, యంత్రపు దరువు కలిసిన ఈ పాట కంట్రీ రాక్ సూత్రానికి తెలుగులో అతి దగ్గరి రూపం. సినిమా లేకుండా ఇంత దూరం పోయిన పాటలు అరుదు.

2024లో వచ్చిన ‘రాను బొంబాయికి రాను’ ఇంకో మలుపు. పాటలో ఒకడు పిలుస్తాడు, ఆమె రానంటుంది. ఇద్దరి సంవాదం మీదే పాటంతా నడుస్తుంది. రాము రాథోడ్, ప్రభ కలిసి పాడారు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన లంబాడీ యువకుడు రాము. ఈ పాటకు కోట్లాది వీక్షణలు వచ్చాయి. పిలుపు, జవాబు అనే పల్లె పద్ధతిని ఈ పాట పట్టుకుంది కాబట్టే తండా పిల్లలూ పట్నం పిల్లలూ చెరో వైపు పాడగలిగారు. బొంబాయి, దుబాయి వలసలు తెలిసిన పాలమూరుకూ కామారెడ్డికీ పాట వెనక ఉన్న బాధ ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు.

సినిమాల్లోకి వచ్చిన వంతకు ‘బలగం’ సాక్ష్యం. 2023 మార్చిలో విడుదలైన ఈ సినిమాకు దర్శకుడు వేణు యెల్దండి, సంగీతం భీమ్స్ సిసిరోలియో. చావు ఇంట్లో పాడే బుడగజంగాల పాటను పస్తం మొగిలయ్య, ఆయన భార్య కొమురమ్మ తమ వాయిద్యాలతో, తమ తీరులోనే తెర మీద పాడారు. ఆమె అందుకునే గొంతును తీసేస్తే ఆ పాట సగమే మిగులుతుంది. ఊళ్లల్లో తెర కట్టి ఈ సినిమా వేస్తే విడిపోయిన అన్నదమ్ములు కలిసి ఏడ్చిన వార్తలు వచ్చాయి. మొగిలయ్య 2024 డిసెంబరులో చనిపోయాడు.

డీజే పాటల మాటకొస్తే, గాంధారి వైపు పెండ్లిళ్లలో ఇవే రాత్రి తెల్లవార్లూ మోగుతున్నాయి. ఎక్కువ పాటలకు ఒకే దరువు. గొంతును యంత్రంతో సాపు చేస్తారు, వంతను కూడా పాడినవాళ్ల గొంతునే కాపీ చేసి నింపుతారు. వారం తిరిగేసరికి ఇంకో పాట దాని చోట్లోకి వస్తుంది.

పాట ఎవరిది

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ పాట ఈ ప్రశ్నను వీధిలోకి తెచ్చింది. ఊళ్లల్లో ఉన్న పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్‌తేజ చరణాలు రాశాడు, సంగీతం పవన్ సీహెచ్, పాడింది మంగ్లీ. ఆ పాటను అంతకు ముందు టీవీ వేదిక మీద పాడి వెలుగులోకి తెచ్చిన జానపద గాయని తనకు గుర్తింపు దక్కలేదని బయటపడింది. చివరికి రాజీ కుదిరింది. ఆమె అడిగినదాంట్లో న్యాయముంది. అవ్వల దగ్గర కూర్చుని పాట ఏరుకొచ్చి, పదిమంది ముందు పాడి నిలబెట్టిన శ్రమ కూడా రచన వంటిదే.

చట్టం దగ్గరకు వస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రధానంగా కట్టినవాడెవరో తెలిసిన పాటను కాపాడుతుంది. తరాలుగా నోటినోటా వచ్చిన బాణీకి యజమాని లేడు, ఎవరైనా వాడుకోవచ్చు. వాడుకున్నవాడు నాలుగు మాటలు మార్చి తన పేరు పెట్టుకుంటే ఆ మార్పుల మీద హక్కు అతనిదవుతుంది. 2012 సవరణతో పాట రాసినవారికి, స్వరం కట్టినవారికి రాయల్టీ వాటాను ఎవరూ రాయించుకోలేని హక్కుగా చేశారు. పాడినవారికి, వాయించినవారికి కూడా ప్రదర్శకుల హక్కు ఉంది, అది యాభై ఏండ్లు నిలుస్తుంది. వంత పాడినవాళ్లు కూడా చట్టం దృష్టిలో ప్రదర్శకులే.

ఊరి నుంచి పాట తెచ్చి రికార్డు చేసేవాళ్లు పాట ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో రాయడం మొదలుపెడితే ఖర్చేమీ కాదు. గోర్ బోలి పాట అయితే తండా పేరు రాయాలి, వంతకు కూర్చున్న నలుగురి పేర్లు రాయాలి. ఇప్పుడు చాలా జానపద వీడియోల కింద పాట రాసినవారు, సంగీతం, గాయకులు, నృత్య దర్శకుడు, కెమెరా, ఎడిటింగ్, పోస్టర్ డిజైన్, డ్రోన్ నడిపినవాడి పేరు దాకా ఉంటున్నాయి. వంత పాడినవాళ్ల పేర్లు, డప్పు కాచి కొట్టినవాడి పేరు ఉన్న వీడియోలు అరుదు.